నాలుగు కడియాల కుర్చీ

నాకు నోరెక్కువని మా ఆయన అంటారు. నిజమే. పేము అల్లేవాళ్ళకి చేతులకు పనుంటుంది కానీ నోటికి ఉండదు. దాన్నేం చేసుకోమంటారు? ఆయన వడ్రంగి. ఉలి చేతిలో ఉంటే ఆయనకు మాట పెగలదు. అందుకని మా ఇంట్లో ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాల్సి వచ్చింది.

మాది విజయనగరం వైపు పల్లపు ఊరు. పెళ్ళైన రెండో ఏడు, తొంభైల మొదట్లో, బడి బల్లలూ క్వార్టర్ల తలుపులూ చేసే పనుందని అరకులోయ వచ్చాం. ఒక్క ఏడాది ఉండి పోదామనుకున్నాం. ఆ ఒక్క ఏడాది ఇంకా అవలేదు. సంత వీధి చివర రేకుల షెడ్డులో ముందు భాగం ఆయనది, వెనక భాగం నాది. పడక్కుర్చీలకీ సోఫాలకీ పేముతో సీటు అల్లడం మా పుట్టింటి విద్య. పేము పట్టీలు నానబెట్టి, తడిగా ఉండగానే కుర్చీ చట్రంలోని బెజ్జాల్లోంచి లాగి అల్లాలి. ఎండాక అవి బిగుసుకుంటాయి. సరిగ్గా అల్లిన సీటుని వేలితో కొడితే డప్పులా మోగాలి. చిన్నప్పుడు నా సీటు మోగకపోతే, బదులుగా నా నెత్తిన మా అమ్మ మొట్టికాయ మోగేది.

రెండువేల సంవత్సరం దాటాక రిసార్టుల వాళ్ళు రావడం మొదలైంది. "పాతకాలం లుక్కు రావాలండీ, జమీందారీ లుక్కు" అంటారు. కొత్త టేకు మీద కాఫీ డికాషన్ పూసి నల్లగా చెయ్యమన్న మహానుభావుడు కూడా ఒకడున్నాడు. జమీందారు కుర్చీ కావాలట, టూరిస్టులు అందులో కూర్చుని ఫోటో దిగుతారట. వీళ్ళకి చెప్పి లాభం లేదు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. జమీందారీ అనేది చెక్కలోనో చెక్కడంలోనో ఉండదని నాకు ఒక్క కుర్చీ నేర్పింది. అది మా షెడ్డుకి వచ్చింది తొంభైల చివర్లో, వానాకాలం ముందు.

జీపు మీద, దుప్పట్లలో చుట్టి తెచ్చారు. దుప్పటి తీసేసరికి మా ఆయన ఉలి కింద పెట్టేశారు. నల్ల ఇరుగుడు చేవ, రోజ్‌వుడ్ అంటారే అది. చేతులు ఆనించే చోట రెండు సింహం తలలు. కాళ్ళు సింహం పంజాల్లా, ఒక్కో పంజా ఒక్కో బంతిని గట్టిగా పట్టుకుని ఉంది. వీపు ఆనే పలక మీద మామిడి గుత్తి, దానికి అటూ ఇటూ రెండు చిలకలు. ఒక్క మేకు లేదు. అన్నీ బెజ్జాల్లోకి దిగ్గొట్టిన కుసులే, చెక్క సీలలే. ఏ వడ్రంగి చేశాడో కానీ చిలకల్ని మాత్రం చూసి చేశాడు, సింహాన్ని చూడకుండా చేశాడు. ఆ సింహాలకి మీసాలున్నాయి. ఒకదానికి ముక్కు విరిగింది. వెనక కాలొకటి పుచ్చిపోయింది. సీటు అల్లిక చిరిగి కింద ఆకాశం, అదే, నేల కనిపిస్తోంది.

మా ఆయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

తెచ్చినాయనకు యాభై అయిదేళ్ళుంటాయి. తాటిచెట్టంత పొడుగు, మాసిన పంచె. కాఫీ తోట రెండెకరాలుంది, రాగులూ సామలూ పండిస్తాడు. కానీ వాళ్ళ తాత ముఠాదారు. అంటే పూర్వం కొండ మీద కొన్ని ఊళ్ళ మీద పన్ను వసూలు చేసి, తగువులు తీర్చి, అడిగేవాడు లేకుండా బతికిన పెద్ద. ఆ తాతకి పల్లపు రాజుగారెవరో బహుమానంగా ఇచ్చిన కుర్చీ ఇది. ముఠాలు పోయాయి, అధికారం పోయింది, కుర్చీ మిగిలింది. మనవణ్ణి ఊళ్ళో ఇప్పటికీ 'దొర' అనే పిలుస్తారు, సగం అలవాటు, సగం వెక్కిరింత.

"ముక్కు అతికించండి, కాలు మార్చండి, సీటు అల్లండి. ఆ కింద నాలుగు ఇనప కడియాలున్నాయి, అయి పీకేయండి," అన్నాడు.

అప్పుడు వంగి చూశాను. సీటు కింద, పక్క చట్రాలకి, పక్కకి రెండేసి చొప్పున తుప్పు పట్టిన బలమైన కడియాలు. కుర్చీకి కడియాలెందుకని అడిగాను.

"గెడలు దూర్చడానికి," అన్నాడాయన నేల చూస్తూ. "మా తాత కొండ ఎక్కినా దిగినా ఇందులోనే. నలుగురు మోసీవోరు."

మిగతా సంగతి మెల్లిగా బయటికొచ్చింది. నేనే లాగాననుకోండి. ఆ మోసినవాళ్ళు ఊళ్ళో కింది వీధి వాళ్ళు. ఆ నలుగురిలో ఒకాయన మాత్రం ఇంకా బతికున్నాడు. ఆయన మనవరాలు, తల్లీ తండ్రీ లేని పిల్ల, ఈయన కొడుకుని ఇష్టపడి వెళ్ళిపోయి వీళ్ళింట్లో ఉంది. అలా వెళ్ళిపోవడం కొండల మీద వింతేం కాదు. తర్వాత పిల్ల వైపు పెద్దకి ఓలి డబ్బు ఇచ్చి, రెండు వైపులవాళ్ళూ కలిసి జీలుగు కల్లు తాగితే తప్పు తీరిపోతుంది. కానీ ముసలాయన ఓలి ముట్టలేదు, కల్లు తాగలేదు, ఆ ఇంటి గుమ్మం తొక్కనన్నాడు. ఏడాది దాటింది. పిల్లకి ఇప్పుడు ఏడో నెల.

"గుంట రోజూ ఏడుత్తందమ్మా. పురుడొచ్చీలోగా ఆయన మా ఇంటికి రావాల. మా తాత కూకున్న కుర్చీలో ఆయన్ని కూకోబెట్టి, ఊరందరి ముందర నాను తప్పొప్పుకుంటాను. అందుకే ఆ కడియాలొద్దు. అయి సూత్తే ఆయనకి మనసు ఇరిగిపోద్ది," అన్నాడు దొర. చెబుతూ పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు. నేను పీట జరిపి కూర్చోమన్నాను.

మా ఆయన పని మొదలుపెట్టారు. ముందు కాలు. పాత ఇరుగుడు దూలం ముక్క ఒకటి దాచిపెట్టుకున్నారు, కన్నకూతురికి కూడా ఇచ్చేరకం కాదు, దాన్ని తీశారు. మాను భూమ్మీద ఎలా నిలబడిందో కుర్చీ కాలు కూడా అలాగే నిలబడాలి, మొదలు కిందికి, కొస పైకి. తలకిందులుగా బిగించిన కాలు ఎన్నాళ్ళైనా ఒదగదని మా మామగారి మాట. చారలు చూసి ఏది మొదలో తేల్చుకోవడానికే ఆయనకు ఒక పూట పట్టింది. నేను కొత్తవలస నుంచి కిరండూల్ పాసింజర్లో పేము కట్ట తెప్పించి నానబెట్టాను.

ఆ వారం సంత రోజున, మధ్యాహ్నం వేళ, భుజాన కావడితో ఒక ముసలాయన షెడ్డు ముందు ఆగాడు. అడ్డాకులూ చింతపండూ అమ్ముకుని వస్తున్నాడు. గోచీ, పైన తువ్వాలు. ఎడమ భుజం మీద మెడ పక్కన నిమ్మకాయంత బుడిపె. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోంచే కుర్చీ వంక అలా చూస్తూ నిలబడ్డాడు. ఆ బుడిపె చూడగానే ఎవరో నాకు తెలిసిపోయింది.

"రా తాతా, నీళ్ళు తాగు," అన్నాను.

ఆయన మంచినీళ్ళ కోసం రాలేదు. కుర్చీ ముందుకొచ్చి, గొంతుక్కూర్చుని, సింహం మొహంలో మొహం పెట్టి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. నోట్లో నాలుగు పళ్ళున్నాయేమో.

"ఇదేనేటి దీని మొకం? కుక్కలాగుందే!"

"నువ్వెప్పుడూ చూడలేదా?" అన్నాను.

"ఎలగ సూత్తాను? నాను పొడుగోణ్ణి. దిగీటప్పుడు పొడుగోళ్ళు ముందుండాల, కుర్చీ ఎనకుంటాది. ఎక్కీటప్పుడు పొడుగోళ్ళు ఎనక, దీని ఈపు కనబడతాది. పదిహేనేళ్ళు మోసినాను. మొకం సూడ్డం ఇయ్యాలే."

నవ్వడం మానేసి చేత్తో సీటు కింద తడిమాడు. చూడకుండానే కడియం ఎక్కడుందో వేలు అక్కడికే వెళ్ళింది. అప్పటికి మా ఆయన ఒక కడియం సీల సగం వదులు చేసి ఉంచారు. అది ఆయన చేతికి కదిలింది.

"ఇదేటి సేత్తన్నావు?"

"పీకెయ్యమన్నారు," అన్నారు మా ఆయన.

"ఎవుడు?"

మా ఆయన నా వైపు చూశారు. ఎందుకు చూస్తారో నాకు తెలుసు. "దొర," అన్నాను.

ముసలాయన లేచి నిలబడ్డాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "ఉండనీ," అన్నాడు మెల్లిగా. "అయి పీకేస్తే ఇది వొట్టి కుర్చీ అయిపోద్ది. మరి నాను మోసిందేటి? నా భుజాన ఈ కాయ ఎక్కణ్ణించి వచ్చినట్టు?"

మా ఆయన సీల మళ్ళీ బిగించారు. నూనె గుడ్డతో నాలుగు కడియాల తుప్పూ తుడిచారు. తర్వాత దొర వచ్చి అడిగితే ఏం చెప్పాలో అన్న దిగులు నాకొదిలేశారు, ఎప్పట్లాగే. దొర వచ్చే వేళకి కుర్చీ మీద కింది దాకా దుప్పటి కప్పి ఉంచడం నా పనైంది.

అప్పటి నుంచి ప్రతి సంతకీ ఇద్దరూ వచ్చేవారు, దొర పొద్దున్న, ముసలాయన మధ్యాహ్నం. ఒకరికొకరు ఎదురుపడకుండా ఎంత జాగ్రత్తో! ముసలాయన వచ్చినప్పుడల్లా ఏదో వంక. ఒకసారి గొడ్డలి పిడి చూపించడానికి, ఒకసారి నిప్పు కోసం. దొర ఆ కుర్చీలో తనని కూర్చోబెట్టాలనుకుంటున్నాడని నేను చెబితే, "నాను కూకోను" అని కొట్టిపారేశాడు. కూర్చుని, చుట్ట వెలిగించి, గాలి గురించీ వాన గురించీ మాట్లాడి, లేచేముందు అడిగేవాడు:

"ఆ ఇంటి కోడలు బాగుందంటేటి?"

మనవరాలు అనేవాడు కాదు. ఆ ఇంటి కోడలు! నేనూ తక్కువ తిన్నానా, "ఎవరి కోడలు తాతా? నాకు తెలీదే," అనేదాన్ని. ఆయన మొహం మాడ్చుకునేవాడు. పాపమనిపించి చెప్పేదాన్ని: తింటోందట, కాళ్ళు కాస్త వాచాయట, చింతచిగురు కావాలందట. పై వారం కావడిలో ఒక పొట్లం అదనంగా ఉండేది. "ఇది ఎవులికైనా ఇచ్చీ, మాకెక్కువైపోనాది," అనేవాడు. ఎవరికో నాకు తెలుసు. పొద్దున్న వచ్చే దొరకిచ్చి పంపేదాన్ని. దొరకీ తెలుసు. నేను కుర్చీ అల్లుతున్నానో వియ్యాలవారి రాయబారం నడుపుతున్నానో నాకే తెలిసేది కాదు.

సీటు పూర్తయిన రోజు నా గర్వం చూడాలి. నక్షత్రాల అల్లిక వేశాను, ఆరు వైపుల నుంచి పట్టీలు కలిసి మధ్యలో చుక్క పూసినట్టుంటుంది. వేలితో కొడితే ఖంగుమంది. ముసలాయన రాగానే చూపించాను. అరచేత్తో నొక్కాడు. ఈ మూల నొక్కాడు, ఆ మూల నొక్కాడు.

"కూకోడానికి బాగుంది. మొయ్యడానికి పనికిరాదు," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఓలమ్మో! ఎవరు మోస్తారు తాతా ఇప్పుడు? జీపులొచ్చేశాయి. ఇది కూర్చోడానికే."

"నేల మీదున్నప్పుడు బరువు ఒక్కలాగే ఉంటాది. భుజాల మీదున్నప్పుడు బరువు తిరుగుతాది గుంటా. కూకున్నోడు అటు కదిలితే ఇటేపోడి భుజం ఇరిగిపోద్ది. అడుగు తప్పుద్ది. ముఠాదారు ఊరికే కదిలీవోడు కాదు. మేం బేగి నడవలేదంటే ఒక్కసారి ఇలగ ఒరిగీవోడు. అంతే, ఎముకలోకి దిగిపోయీది." బుడిపె మీద చెయ్యి వేసుకున్నాడు. "తిట్టుకన్నా అది నొప్పి. సీటు కిర్రుమంటే సాలు, ఇప్పుడు ఎటేపు ఒరుగుతాడో అని మా పేణాలు పోయీయి."

మళ్ళీ మోగించి చూపిద్దామని ఎత్తిన వేలు వెనక్కి తీసుకున్నాను.

తర్వాతి సంతకి ఒక తాడు చుట్ట తెచ్చి నా ముందు పడేశాడు. అడ్డ నార తాడు, ఆకులు కుట్టే ఆ అడ్డ తీగ బెరడుదే. ఇంటి దగ్గర కూర్చుని తొడ మీద పేనాడట. పేము కింద అది అల్లమన్నాడు. నా నక్షత్రాల కింద మంచం తాడా! మా పుట్టింటి పరువేం కాను? కయ్యానికి దిగాను. "నువ్వు ఎలాగూ కూర్చోనంటున్నావు కదా, నీకెందుకయ్యా?" అన్నాను.

"నాను మోసిన కుర్చీ రేపు ఎవుడో కూకుంటే కూలిపోద్ది. నా పరువేటవ్వాల?"

ఆయన పరువూ నా పరువూ కలిసి చివరికి రెండూ అల్లాను, పైన పేము, కింద అడ్డ నార. బయటికి కనబడదు. వేళ్ళకి నెత్తురొచ్చింది. తిట్టుకుంటూనే అల్లాను, కానీ నిజం చెప్పొద్దూ, అంత గట్టి సీటు నా చేతి మీద మళ్ళీ రాలేదు.

వానలు మొదలయ్యాక కుర్చీ తీసుకెళ్ళే రోజు వచ్చింది. నన్నూ మా ఆయన్నీ కూడా రమ్మన్నారు. జీపు ఆగిన చోటు నుంచి ఊరికి గంటన్నర కాలిబాట, మధ్యలో ఒక గెడ్డ, అంటే కొండవాగు, దాటాలి. దొర కొడుకు కుర్చీని నెత్తిన పెట్టుకుని మోశాడు. ఇంట్లో ఆ పిల్ల ఎదురొచ్చింది. పిట్ట లాంటి పిల్ల, పొట్ట మాత్రం కుండంత. నా చెయ్యి పట్టుకుని మొట్టమొదట అడిగింది: "మా తాత మీ షాపుకొత్తాడంట కదా. దగ్గు తగ్గిందేటి?"

వాకిట్లో కుర్చీ వేశారు. పై వీధీ కింది వీధీ చేరాయి. జీలుగు కల్లు కుండలు వరసగా పెట్టారు. ముసలాయన వచ్చాడు, ఉతికిన తువ్వాలు వేసుకుని. వాకిలి అంచున రాతి మెట్టు ఉంది. దాని బయట ఆగిపోయాడు. కడియాలు ఉంచేసినందుకు దొర నా మీద కోప్పడతాడనుకున్నాను కానీ ఆయన వాటి వంక చూడనేలేదు. రెండు చేతులూ జోడించి, కొత్త వరస కలిపి, అందరి ముందరా అన్నాడు:

"మావా, మా తాత సేసింది తప్పు. మా నాన్న సూసూరుకున్నాడు, అదీ తప్పే. నువ్వు ఇందులో కూకుంటేగానీ నాకు నిద్దర పట్టదు."

ముసలాయన కుర్చీని తల నుంచి పంజాల దాకా చూశాడు. నా వైపు తిరిగి, "బాగా కట్టినావు గుంటా," అన్నాడు. తర్వాత దొరతో అన్నాడు:

"దొరా, ఈ కుర్చీ సంగతి నా భుజానికి తెలుసు. ముడ్డికి కూడా తెలవాలేటి?"

కింది వీధి గొల్లుమంది. ముసలాయన మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి, తాత కనబడినంత మేరా చూసి, లోపలికి పోయి తలుపేసుకుంది. దొర కుర్చీ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఒకడేమో ఒక్క కుర్చీతో తాత పాపం కడిగేద్దామనుకున్నాడు, ఇంకొకడేమో కూతురి కూతురు ఏడుస్తూంటే కుర్చీ మీద పౌరుషానికి పోతున్నాడు. కొండకి కొండ తగ్గదంటే ఇదే.

వాన పట్టుకోవడంతో ఆ రోజు అక్కడే ఉండిపోయాం. తెల్లారి అంబలి తాగుతూండగా పిల్లకి నొప్పులొచ్చాయి. ఇంకా ఇరవై రోజుల టైముంది. మంత్రసాని ముసలమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, బేగి కిందికి తీసుకుపొమ్మనీ చెప్పింది. దుప్పటి డోలీ కట్టారు. పిల్లని పడుకోబెట్టగానే ఒళ్ళు ముడుచుకుపోయి ఊపిరాడక కేక పెట్టింది. రెండోసారి ప్రయత్నించారు. మళ్ళీ అదే కేక. జారగిలబడి కూర్చుంటే తప్ప పిల్లకి ఊపిరందడం లేదంది మంత్రసాని.

ఆ కేక కింది వీధికి వినబడింది కాబోలు. ముసలాయన పరిగెత్తుకొచ్చాడు. రాతి మెట్టు దాటాడు, వాకిలి దాటాడు, గుమ్మం దాటి వరండాలోకి వచ్చేశాడు. ఎవరూ గమనించలేదు, ఆయన కూడా. నేను గమనించాను.

"కుర్చీ తియ్యండి! రెండు ఎదురు గెడలు కొట్టుకురండి! ఏటలగ సూత్తారు?"

పచ్చి వెదుళ్ళు కడియాల్లోకి దూరాయి, కొలిచి చేసినట్టు. పిల్లని కూర్చోబెట్టి నడుముకి తువ్వాలు కట్టాడు. పొడుగునుబట్టి నలుగురిని నిలబెట్టాడు, కింది వీధి కుర్రాడొకడు, పిల్ల మొగుడు, మా ఆయన. నాలుగో వాడు దొర. ముసలాయన దొర రెక్క పట్టుకుని ముందు గెడ ఎడమ పక్కకి లాగాడు.

"అది నా సోటు. అక్కడ నిలబడు. ఎడం భుజం. గెడ మెడకి ఆనకూడదు."

దొర గెడ ఎత్తుకున్నాడు.

ఆ గంటన్నర దారి నేను ఎలా నడిచానో చెప్పలేను. ఒక చేత్తో గొడుగు పిల్ల మీద పట్టుకుని, చెవులు మాత్రం సీటు మీద పెట్టాను. ముసలాయన పక్కన నడుస్తూ అడుగు చెబుతున్నాడు, "ఎడం... రాయుంది... ఆగు... కుడి." పిల్ల నొప్పికి మెలికలు తిరిగినప్పుడల్లా దొర మోకాళ్ళు వంగుతున్నాయి. మళ్ళీ నిలదొక్కుకుంటున్నాడు. గెడ్డ మధ్యలో ఆయన కాలు జారింది. కుర్చీ ఒరిగింది. టప్పుమని నా పేము పట్టీ ఒకటి తెగింది, ఆ వెంటనే ఇంకోటి. నక్షత్రాలు విడిపోయాయి, కానీ పిల్ల కిందికి దిగలేదు. అడ్డ నార పట్టుకుంది. ముసలాయన నా మొహం ఒక్కసారి చూసి, మళ్ళీ అడుగు చెప్పడంలో పడ్డాడు. నేను చెప్పానా అనొచ్చు, అనే హక్కుంది.

రోడ్డు మీద జీపు దొరికింది. పిల్ల, మొగుడు, అత్త, మంత్రసాని ఎక్కేసరికి ఇంక చోటు లేదు. మేం టీ బడ్డీ దగ్గర కూర్చున్నాం. దొర చొక్కా విప్పితే ఎడమ భుజం కమిలిపోయి, తోలు లేచిపోయి ఉంది. ముసలాయన దాని వంక చాలాసేపు చూశాడు. తర్వాత లేచి వెళ్ళి, ఏదో ఆకు నలిపి తెచ్చి, ఆ పుండు మీద పిండాడు.

మధ్యాహ్నం దాటాక జీపు తిరిగొచ్చింది. డ్రైవరు దిగకుండానే అరిచాడు: "ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నారు!" ముసలాయన తువ్వాలు మొహాన కప్పుకుని హోరున ఏడ్చాడు. మా ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు, చెమట అని చెప్పారు.

ఇక పైకి వెళ్ళాలి. జీపులో వెళ్ళిన పిల్ల మొగుడి బదులు జతకి ఇంకో కుర్రాడు దొరికాడు. ముసలాయన లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. పొద్దున్నుంచి పరిగెత్తిన మోకాళ్ళు. దొర కుర్చీ తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"మావా, కూకో."

"వొద్దు. నడుత్తాను."

అప్పుడు నా నోరు లేచింది. "ఏం నడుస్తావు, లేచి నిలబడు చూద్దాం! తెల్లారితే మునిమనవరాల్ని చూడ్డానికి మళ్ళీ దిగాలి. నీ పౌరుషం మొయ్యడం కన్నా నిన్ను మొయ్యడం తేలిక!"

ముసలాయన నన్ను చూశాడు, తెగిన పేము చూశాడు, దొర భుజం చూశాడు. పళ్ళు బిగబట్టి, ముల్లు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఎక్కేటప్పుడు పొడుగువాడు వెనక ఉండాలి. దొర వెనక గెడ ఎత్తుకున్నాడు, అదే పచ్చిపుండు భుజం మీద. దారి పొడుగునా ముసలాయన నోరు ఆగలేదు. "ఏటా అడుగు? గొడ్డు నడకా? రాయి సూడు! మీ తాతని నాను ఇలగే మోసుంటే నన్ను గెడ్డలో పాతీసీవోడు!" దొర ఆయాసపడుతూనే నవ్వుతున్నాడు. నేను వెనక నడుస్తూ మళ్ళీ చెవులు సీటు మీదే పెట్టాను. తెగిన పట్టీలతో కిర్రుమనాలి. ఒక్కసారి కూడా అనలేదు. చూస్తే ముసలాయన రెండు సింహం తలలూ గట్టిగా పట్టుకుని, నడుము నిటారుగా, కొయ్యబొమ్మలా ఉన్నాడు. నోరొక్కటే కదులుతోంది.

వరండాలో దించారు. దొర గెడ వదిలి గోడకి చేరబడ్డాడు.

"మావా, నువ్వు కూకున్నావో లేదో కూడా తెలీలేదు. దారంతా ఒక్కసారైనా కదల్లేదేటి?"

ముసలాయన సింహాల మీంచి చేతులు తియ్యలేదు. వేళ్ళు బిగుసుకుపోయాయి.

"కూకున్నోడు కదిలితే మోసినోడికి ఎక్కడ నొప్పెడతాదో నాకు తెల్దేటి, అల్లుడా?" అన్నాడు.